భక్తిపరుడైన తండ్రి, దారి తప్పిన బిడ్డ: ఏ నవల ఎవరికి?

తండ్రి గొప్ప భక్తుడు. బిడ్డ దారి తప్పాడు, లేదా తండ్రి కంటికి అలా కనిపించాడు. ఇప్పుడు తండ్రి ఏం చేస్తాడు? ఈ ఒక్క పరిస్థితి మీద ఎన్నో నవలలు వచ్చాయి. వాటిలో ఒకటి సూచించమని అడిగేవాళ్ళు దాదాపు అందరూ వేసే ప్రశ్న "చివరికి క్షమిస్తాడా?" అని. ఆ ప్రశ్నతో పుస్తకం ఎంచుకుంటే నిరాశే మిగులుతుంది. మంచి నవలల్లో ఆ తండ్రి పొద్దున క్షమించి సాయంత్రానికి మళ్ళీ రగిలిపోతాడు. నోటితో క్షమించి చేత్తో తోసేస్తాడు. అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో చెప్పే వీలుండదు.

నేను చూసేవి రెండు. కథ ఎవరి గొంతులో నడుస్తోంది, తండ్రిదా, బిడ్డదా? ఆ క్షమకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు? ఈ రెండూ తెలిస్తే మీకు కావలసిన పుస్తకం ఏదో చాలావరకు తేలిపోతుంది. తండ్రిది ఏ మతం అన్నది ఆ తర్వాతి సంగతి. క్రైస్తవ పాస్టర్ కథ చదివిన ముస్లిం పాఠకుడు తన తండ్రిని గుర్తుపట్టడం, యూదు పాలవాడి కథలో హిందువుల ఇంటి తగువు కనిపించడం మామూలే.

ముగింపులు ప్రస్తావించకుండా వీటిని పోల్చడం కుదరదు. సస్పెన్స్ పోతుందని టెన్షన్ పడక్కర్లేదు, ఒక్కటి తప్ప ఇవేవీ మలుపుల కోసం చదివే పుస్తకాలు కావు. ఆ ఒక్కదాని ముగింపు చెప్పను.

క్రైస్తవ నేపథ్యం ఉన్న నవలలన్నిటికీ వెనక ఒక చిన్న కథ ఉంది. లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుడి ఉపమానం. ఆస్తిలో తన వాటా పట్టుకుపోయి అంతా తగలేసిన చిన్నకొడుకు తిరిగొస్తాడు. వాడింకా దూరంగా ఉండగానే తండ్రి పరుగెత్తుకెళ్ళి కౌగిలించుకుంటాడు. వాడు సిద్ధం చేసుకున్న క్షమాపణ మాటలు పూర్తిగా వినడు కూడా. పెద్దకొడుకు మాత్రం అలిగి విందుకు రానని బయటే నిలబడతాడు. తండ్రి వచ్చి బతిమాలతాడు. వాడు లోపలికి వెళ్ళాడో లేదో చెప్పకుండానే ఉపమానం ఆగిపోతుంది. విందు అయిన మర్నాడు ఆ ఇంట్లో ఏం జరిగింది? చిన్నవాడు మళ్ళీ తాగొస్తే? పెద్దవాడి మూతిముడుపు ఎన్నేళ్ళు సాగింది? తండ్రి ముసలితనంతో మంచాన పడ్డాక కూడా అంతే ఉదారంగా ఉన్నాడా? నవలలు మొదలయ్యేది ఇక్కడే.

ఒకే ఊరు, ఇద్దరు తండ్రులు: గిలియడ్, హోమ్

అమెరికా రచయిత్రి మెరిలిన్ రాబిన్సన్ 2004లో 'గిలియడ్', 2008లో 'హోమ్' రాశారు. రెండూ అయొవా రాష్ట్రంలోని ఒక కల్పిత పట్టణంలో, 1956లో, దాదాపు ఒకే రోజుల్లో జరుగుతాయి. చాలామంది వీటిని మొదటి భాగం, రెండో భాగం అనుకుంటారు. ఒకే సంఘటనలను రెండిళ్ళ నుంచి చూపించే పుస్తకాలివి. అందుకే ఈ రెంటిలో ఏది ముందు చదవాలన్నది నిజంగా ఆలోచించుకోవాల్సిన విషయం.

'గిలియడ్'లో కథ చెప్పేది జాన్ ఏమ్స్ అనే పాస్టర్. వయసు 76, గుండె జబ్బు. ఆలస్యంగా పెళ్ళి చేసుకున్నాడు, కొడుక్కి ఇంకా ఏడేళ్ళు నిండలేదు. వాడు పెద్దయ్యాక చదువుకోవడానికి ఉత్తరం రాస్తుంటాడు, ఆ ఉత్తరమే నవల. అధ్యాయాలు లేవు, వేగం లేదు. తొలి యాభై పేజీల్లో "ఏమీ జరగడం లేదేమిటి" అనిపిస్తే అది మీ తప్పు కాదు. తర్వాత ఏమ్స్ ప్రాణస్నేహితుడు, ఇంకో చర్చి పాస్టర్ అయిన బౌటన్ కొడుకు జాక్ ఊళ్ళోకి వస్తాడు. ఏమ్స్ చేతుల మీదుగా బాప్తిస్మం పొందినవాడు, ఏమ్స్ పేరే పెట్టుకున్నవాడు. కుర్రతనంలో ఒక పేద పిల్లను తల్లిని చేసి వదిలేశాడు, ఆ పసిబిడ్డ చనిపోయింది. మొదటి భార్యనూ పాపనూ పోగొట్టుకుని ఏళ్ళ తరబడి ఒంటరిగా బతికిన ఏమ్స్‌కు, ఒకడు చేతికందిన బిడ్డను అలా పారేసుకోవడం మింగుడుపడదు. దానికి తోడు ఇంకో భయం: తను పోయాక ఈ జాక్ తన భార్యాపిల్లల దగ్గర చేరతాడేమోనని.

ఈ నవల బలమంతా ఇక్కడుంది. భక్తుడు తన గురించి తానే చెప్పుకుంటున్నాడు కాబట్టి అసూయను ఆత్మపరిశీలనలాగా, కక్షను జాగ్రత్తలాగా రాసుకుంటూ పోతాడు. మనకు మాత్రం అది కనబడుతూనే ఉంటుంది, కాసేపటికి ఆయనకూ కనబడుతుంది. చివర్లో ఊరు వదిలిపోతున్న జాక్ నుదుటి మీద చెయ్యి పెట్టి ఆశీర్వదిస్తాడు. కన్నతండ్రి కాదు, తండ్రి స్నేహితుడు. జాక్ కూడా తన అసలు రహస్యం, అంటే నల్లజాతి స్త్రీతో తనకున్న కాపురం, వాళ్ళకు పుట్టిన కొడుకు, ఇదంతా చెప్పుకున్నది ఏమ్స్‌తోనే. సొంత తండ్రితో చెప్పలేకపోయాడు.

ఎందుకు చెప్పలేకపోయాడో తెలియాలంటే 'హోమ్' చదవాలి. ఇది బౌటన్ ఇంట్లో, ముసలి తండ్రిని చూసుకోవడానికి తిరిగొచ్చిన చిన్నకూతురు గ్లోరీ పక్కనే ఉండి నడిచే కథ. ఇరవై ఏళ్ళు కంటికి కనబడని, తల్లి అంత్యక్రియలకు కూడా రాని జాక్ ఇంటికొస్తాడు. ముసలాయన ఆనందం పట్టలేకపోతాడు. ఆ ఆనందమే ఇంట్లో అందరికీ భారమవుతుంది. ఆయన ప్రతి మాటలోనూ క్షమిస్తుంటాడు. క్షమించాల్సింది ఉందని ప్రతి క్షమా జాక్‌కు గుర్తుచేస్తుంది. టీవీలో నల్లవాళ్ళ మీద జరుగుతున్న దౌర్జన్యం కనబడితే తండ్రి మామూలు గొడవలాగా కొట్టిపారేస్తాడు. పక్కన కూర్చున్న కొడుక్కి అది తన భార్యాబిడ్డల గురించిన మాట. మనసు ఎంత మంచిదైనా, బుద్ధి చేరలేని చోటికి క్షమ కూడా చేరదని ఆ ఒక్క ఘట్టం చూపిస్తుంది. ఆఖరికి ఒంట్లో ఓపిక, మాటల మీద అదుపు రెండూ తగ్గాక ఇన్నేళ్ళుగా అణచుకున్న కోపం బయటికొస్తుంది. వెళ్ళిపోతూ కొడుకు చెయ్యి చాపితే ఆయన తన చెయ్యి వెనక్కి తీసుకుని ముఖం తిప్పుకుంటాడు.

ఈ జాబితా మొత్తంలో ఒక్కటే చదువుతానంటే 'హోమ్' చదవండంటాను. బౌటన్ వేషధారి కాదు. నిజంగా క్షమించాలనుకున్నాడు, క్షమించాననే నమ్మాడు, శరీరం ఒప్పుకోలేదు. భక్తి ఉన్న పెద్దలను దగ్గరగా చూసినవాళ్ళకు ఇంతకంటే నిజమైన చిత్రణ దొరకడం కష్టం. క్రమం విషయానికొస్తే, మీరు ఇంటి నుంచి దూరమైన బిడ్డ అయితే 'హోమ్'తో మొదలుపెట్టండి. మీరే తల్లో తండ్రో అయితే 'గిలియడ్' ముందు. మనసు బరువుగా ఉన్న రోజుల్లో 'హోమ్' వద్దు. జాక్ ఆత్మహత్యాప్రయత్నం అందులో ఉంది, దాన్ని తేలిగ్గా దాటిపోనివ్వదు.

నేరం చేసిన కొడుకు, చంపబడ్డ కొడుకు

అలన్ పేటన్ దక్షిణాఫ్రికా నవల 'క్రై, ది బిలవెడ్ కంట్రీ' 1948లో వచ్చింది. జాతివివక్షను ప్రభుత్వ విధానంగా చేసిన నేషనల్ పార్టీ గద్దెనెక్కిందీ ఆ ఏడాదే. స్టీఫెన్ కుమాలో అనే జులూ తెగ పాస్టర్ కొడుకుని వెతుక్కుంటూ పల్లె నుంచి జోహన్నెస్‌బర్గ్ వెళ్తాడు. కొడుకు ఆబ్సలోమ్ దొరికేసరికి హంతకుడై ఉంటాడు. దొంగతనానికి వెళ్ళి భయంతో తుపాకీ పేల్చాడు. చనిపోయినవాడు నల్లవాళ్ళ హక్కుల కోసం రాస్తున్న తెల్లవాడు. అతని తండ్రి జార్విస్ పొలం కుమాలో పల్లెకు ఎగువ కొండ మీదే ఉంది.

ఇక్కడ క్షమ రెండు పొరలుగా ఉంటుంది. పాస్టర్ తన కొడుకుని క్షమించాలి, కొడుకుని పోగొట్టుకున్న ఇంకో తండ్రి ముందు నిలబడాలి. కుమాలో వణుకుతూ జార్విస్‌తో నిజం చెప్పే ఘట్టం కోసమైనా ఈ నవల చదవొచ్చు. నాకు మరీ నచ్చేది, కుమాలో సాధువు కాకపోవడం. కొడుకు వల్ల గర్భవతి అయిన అమాయకపు పిల్లను మాటలతో పొడుస్తాడు, తర్వాత సిగ్గుపడతాడు. సొంత కొడుకుని మాత్రం కేసు నుంచి తప్పించిన తమ్ముణ్ణి గాయపరచడానికి అబద్ధం ఆడతాడు. చర్చిలో నేర్చుకున్న క్షమ మనసులోకి దిగడానికి ఎన్ని రోజులు పడుతుందో పేటన్ దాచడు.

ఇబ్బంది కూడా ఒకటి ఉంది. జార్విస్ పిల్లలకు పాలు పంపిస్తాడు, ఆనకట్టకు సాయం చేస్తాడు, వ్యవసాయం నేర్పే మనిషిని పెడతాడు. నల్ల తండ్రి వినయంగా కృతజ్ఞత చెబుతాడు. భూమి ఎవరి చేతుల్లో ఉందన్న ప్రశ్న మాత్రం పక్కకు జరిగిపోతుంది. మూల్యం ఎవరు చెల్లిస్తున్నారన్న నా కొలత పెడితే ఈ నవల సగం మార్కులే తెచ్చుకుంటుంది. అయినా చదువుతున్నంతసేపూ గొంతు పట్టేస్తుంది. వాక్యాలు చిన్నవి, బైబిల్ పాత నిబంధన లయలో సాగుతాయి, అందుకే ఇంగ్లీషు నవలలు అంతగా అలవాటు లేనివాళ్ళకు ఈ జాబితాలో సులువైనది ఇదే. సంభాషణలు కొటేషన్ గుర్తులు లేకుండా అడ్డగీతలతో ఉంటాయి, నాలుగైదు పేజీల్లో అలవాటైపోతుంది.

క్షమించని తండ్రి, నవ్వుతూ చెప్పుకునే కథ

షోలెమ్ అలైకెమ్ తూర్పు యూరప్ యూదుల భాష యిద్దిష్‌లో 1894 నుంచి 1914 వరకు అప్పుడప్పుడూ రాసిన టెవ్యే కథలు నవల కిందికి రావు, విడి కథలు. పాలు, వెన్న అమ్ముకునే టెవ్యే తన కూతుళ్ళ పెళ్ళిళ్ళ బాధలు రచయితకే నేరుగా చెప్పుకుంటాడు. మాటకో లేఖనం ముక్క పడుతుంది, సగం వాటిని తనకు తోచినట్టు తిప్పేస్తాడు. ఇంత నవ్వించే భక్తుడు ఇంకెక్కడా లేడు. అందుకే దెబ్బ గట్టిగా తగులుతుంది.

ఒక కూతురు హావా యూదుడు కానివాణ్ణి పెళ్ళి చేసుకోవడానికి మతం మారుతుంది. టెవ్యే బతికున్న కూతురికి చావు మైల పడతాడు. తర్వాత అడవి దారిలో ఆమె ఎదురొచ్చి బతిమాలితే బండి ఆపకుండా వెళ్ళిపోతాడు. వెళ్తూ మాత్రం, అసలు దేవుడు యూదుల్నీ కానివాళ్ళనీ ఎందుకు పుట్టించాడు, పుట్టించినవాడు ఎందుకు విడదీశాడు అని తనలో తను కొట్టుకుంటాడు. చివరి కథల్లో ఒకదానిలో ప్రభుత్వం యూదుల్ని ఊరి నుంచి వెళ్ళగొడుతుంటే హావా భర్తను వదిలి తండ్రి దగ్గరికి వస్తుంది. టెవ్యే అప్పుడేం చేశాడో సూటిగా చెప్పడు. నువ్వయితే ఏం చేసేవాడివని రచయితనే ఎదురు అడుగుతాడు.

ఈ కథల ఆధారంగా 1964లో వచ్చిన సంగీతనాటకం 'ఫిడ్లర్ ఆన్ ది రూఫ్', 1971లో దాని సినిమా చాలామందికి తెలుసు. పుస్తకమా, సినిమానా అంటే రెంటి ముగింపులూ వేరని గుర్తుంచుకోండి. సినిమాలో కూతురు భర్తతోనే ఉంటుంది, తండ్రి ముఖం చూడకుండానే దేవుడు తోడుండాలన్న మాట గొణుగుతాడు. పుస్తకంలో తిరిగొచ్చిన కూతురు భర్తను వదులుకుని వచ్చింది. అంటే మూల్యం ఆమే చెల్లించింది. కుటుంబమంతా కూర్చుని చూడాలంటే సినిమా. ఇంట్లో మతాంతర వివాహం మీద నిజంగానే గొడవ నడుస్తుంటే పుస్తకం మేలు. సినిమా ఆ గొడవకు తేలికైన పరిష్కారం ఉందని భ్రమ పెడుతుంది. వేళాకోళం చేసే మనిషి కూడా ఇంత కఠినంగా ఉండగలడని పుస్తకం చెబుతుంది. తండ్రుల విషయంలో నా అనుభవం కూడా పుస్తకం వైపే.

తండ్రే క్షమాపణ అడిగితే

ఇప్పటిదాకా చెప్పినవాటిలో క్షమించే అధికారం పెద్దవాడిదే. దాన్ని తిరగేసిన నవలలు కూడా ఉన్నాయి.

చైమ్ పోటక్ 'ది చోజెన్', 1967, కుర్రవాళ్ళకు ఇవ్వదగ్గది. బ్రూక్లిన్‌లో 1944లో ఒక బేస్‌బాల్ ఆటతో మొదలవుతుంది. యూదుల్లో ఛాందసమైన హసిదీ శాఖ గురువు రెబ్ సాండర్స్ తన మేధావి కొడుకు డానీతో మతగ్రంథాల పాఠం చెప్పేటప్పుడు తప్ప మాట్లాడడు. వట్టి తెలివి మనిషిని రాయిని చేస్తుందనీ, మౌనం భరించినవాడికే ఇతరుల బాధ వినబడుతుందనీ ఆయన నమ్మకం. చివరికి కొడుకు స్నేహితుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, కొడుకు వింటుండగా కారణం చెప్పి, తనను క్షమించమని కొడుకుని అడుగుతాడు. ఆ ఘట్టం బాగుంటుంది. కానీ అన్నేళ్ళ మౌనాన్ని రచయిత కాస్త తొందరగానే సమర్థించాడని నా ఫిర్యాదు. డానీ నోటితో ఈ కథ వింటే ఇలా ఉండేది కాదు. కథకుడు స్నేహితుడు కావడం వల్ల ఆ తండ్రి బతికిపోయాడు.

యోసెఫ్ రోత్ జర్మన్‌లో 1930లో రాసిన 'హియోబ్' చిన్న పుస్తకం, రెండు మూడు సాయంత్రాల్లో అయిపోతుంది. పేరు బైబిల్లో వరసగా కష్టాల పాలైన భక్తుడు యోబుది. రష్యా పల్లెలో పిల్లలకు లేఖనాలు నేర్పే యూదుడు మెండెల్ సింగర్ అమెరికా వెళ్తూ జబ్బుపడ్డ చిన్నకొడుకుని వదిలేసి పోతాడు. వాణ్ణి విడిచిపెట్టొద్దని ఒక రబ్బీ, అంటే యూదు మతగురువు, వాళ్ళమ్మకు ముందే చెప్పి ఉంటాడు. తర్వాత ఒక్కొక్కరుగా అందర్నీ పోగొట్టుకుని దేవుడితో తెగతెంపులు చేసుకుంటాడు. ప్రార్థన సామగ్రిని నిప్పుల్లో వెయ్యాలనుకుంటాడు, చేతులు రావు. ఇక్కడ బిడ్డ తండ్రిని, తండ్రి దేవుణ్ణి క్షమించాలి. ముగింపు చెప్పనన్నది దీని గురించే. నమ్మశక్యంగా లేదని పెదవి విరిచేవాళ్ళున్నారు. యూదుల పస్కా పండుగ రాత్రి జరిగే ముగింపుకు ఆ మాత్రం అద్భుతం చెల్లుతుందని నా పక్షం.

ఫాతిమా ఫర్హీన్ మీర్జా 'ఎ ప్లేస్ ఫర్ అజ్' 2018 నాటిది. అమెరికాలో స్థిరపడ్డ భారతీయ ముస్లిం కుటుంబం. ఇంటికి దూరమైన కొడుకు అమార్ అక్క పెళ్ళికి తిరిగొస్తాడు. మూడొంతుల పుస్తకం తల్లి, పిల్లల వైపు నుంచి నడిచి, చివరి భాగం మాత్రం తండ్రి రఫీక్ గొంతులో వస్తుంది. అంతవరకు బండరాయిలా కనిపించిన మనిషి ఏమేం గమనించాడో, ఎక్కడెక్కడ నోరు పెగల్లేదో అప్పుడు తెలుస్తుంది. మధ్యలో కాస్త సాగదీత ఉంది. ఓపిక పట్టండి, ఆ చివరి భాగం కోసం.

భక్తే ఆయుధమైన ఇల్లు

చిమమాండా అడిచీ 'పర్పుల్ హైబిస్కస్', 2003, ఈ వరసలో వేరే రకం. నైజీరియాలో యూజీన్ అనే కేథలిక్ పెద్దమనిషి. సైనిక ప్రభుత్వాన్ని ఎదిరించే పత్రిక నడుపుతాడు, ఊరందరికీ దానధర్మాలు చేస్తాడు, ఇంట్లో భార్యాపిల్లల్ని చావగొడతాడు. పాపానికి శిక్షగా కన్నకూతురి పాదాల మీద వేడినీళ్ళు పోస్తాడు, పోస్తూ ఏడుస్తాడు. పాత మతాన్ని వదలని కన్నతండ్రి గడప తొక్కడు. కథ చెప్పేది పదిహేనేళ్ళ కూతురు కంబిలి. ఆమె తండ్రిని ప్రేమిస్తూనే ఉంటుంది, అదే భయంకరం.

పై నవలలు చదివి, తండ్రి ఎంత బాధ పెట్టినా ఆయన నమ్మకాన్ని అర్థం చేసుకుంటే చాలు, క్షమించెయ్యొచ్చు అనిపించే ప్రమాదం ఉంది. ఆ ప్రమాదానికి విరుగుడు ఈ పుస్తకం. కాకపోతే ఇంట్లో హింస చూసి పెరిగినవాళ్ళకు దీన్ని చెప్పాపెట్టకుండా బహుమతిగా ఇవ్వకండి.

పాతకాలపు ప్రశాంతత కావాలంటే ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1766 నవల 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' ఉంది. లేచిపోయి మోసపోయిన కూతుర్ని పాస్టర్ తండ్రి మారుమాట లేకుండా అక్కున చేర్చుకుంటాడు, ఇల్లు తగలబడినా జైలు పాలైనా విశ్వాసం చెక్కుచెదరదు. కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము'కు ప్రేరణ ఇదేనన్న సంగతి తెలిసిందే. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే వీరేశలింగం ఏం తీసుకున్నాడు, ఏం వదిలేశాడు అన్నది సరదాగా ఉంటుంది. గోల్డ్‌స్మిత్ తండ్రికి విశ్వాసం అండ అయితే, బైరాగి మాటలు నమ్మి బంగారం చేయించబోయిన రాజశేఖరుడికి నమ్మకమే కొంప ముంచుతుంది. క్షమ గురించి లోతుగా ఆలోచించాలనుకుంటే మాత్రం ఈ రెంటిలో దొరికేది తక్కువ.

ఎవరికి ఏది

పుస్తక చర్చకు పదిమంది కూర్చుంటే 'క్రై, ది బిలవెడ్ కంట్రీ' పెట్టండి, జార్విస్ దాతృత్వం మీద తప్పకుండా వాదన వస్తుంది. 'గిలియడ్' పెడితే సగం మంది పూర్తి చెయ్యకుండా వస్తారు. చదివే టైమ్ లేనివాళ్ళకు టెవ్యే కథల్లో హావా కథ ఒక్కటి చాలు, ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది. కాలేజీ వయసు పిల్లలకు 'ది చోజెన్', ఆ తర్వాత కొన్నేళ్ళాగి 'పర్పుల్ హైబిస్కస్'. తండ్రి పోయాక, ఆయనతో మాట్లాడాల్సినవి మిగిలిపోయాయని బాధపడేవాళ్ళకు 'ఎ ప్లేస్ ఫర్ అజ్'.

భక్తిపరుడైన మీ నాన్నగారికే ఒకటి ఇవ్వాలనుకుంటే 'గిలియడ్' ఇవ్వండి. అందులో పాఠం చెప్పే కొడుకు లేడు, నిందించే కూతురు లేదు. ఒక పెద్దాయన తన వయసువాడితో మాట్లాడినట్టు తనతో తను మాట్లాడుకుంటుంటాడు. చదివాక ఆయనేమీ అనకపోతే మీరు అడగొద్దు. ఆసక్తి చూపించి ఇంకేమైనా ఉందా అంటే అప్పుడు 'హోమ్' ఉందని చెప్పండి. అది కొడుకులూ కూతుళ్ళ వైపు పుస్తకమని కూడా ముందే చెప్పండి.